పంతొమ్మిదో ప్రశ్న: జంషెడ్‌పూర్‌లో ఒక ఆదివారం

పదిహేనేళ్ళ వయసులో నన్ను జంషెడ్‌పూర్‌లో రైలెక్కించి విశాఖపట్నం పంపేశారు. ఆంధ్రాలో ఇంటర్ చదివితే పిల్ల మన మనిషిగా మిగులుతుందని నాన్నగారూ మావయ్యా రెండు ఉత్తరాల్లో తేల్చేసుకున్నారు. నన్ను అడగలేదు. అడగాలని ఆ రోజుల్లో ఎవరికీ తోచేది కాదు, చెప్పాలని నాకూ తోచలేదు. తర్వాత రెండేళ్ళకే నాన్నగారు ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరై కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయడంతో ఆ ఊరికీ మాకూ ఋణం తీరిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత, కిందటి ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళాను. అదీ నా అంతట నేను కాదు, ఉద్యోగం పంపిస్తే.

ఆ ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పాలి. మామూలుగా కుర్రకారు మీద సర్వే అంటే వాళ్ళలో ఏం తప్పుందో వెతుకుతారు. మా బృందం పని వేరు. పదమూడు నుంచి పదిహేడేళ్ళ పిల్లల్లో ఏం బాగుందో కొలవాలని చూస్తాం. తమ మీద తమకు నమ్మకం, చేతనైన పని, ఇంటితోనూ ఊరితోనూ అనుబంధం, మంచీ చెడూ తెలియడం, ఎదుటివాళ్ళ కష్టం పట్టించుకోవడం, ఇలాంటివి. ఒకే ప్రశ్నలు చాలా దేశాల్లో, చాలా భాషల్లో అడుగుతారు. ఒకచోట అర్థమైనట్టే ఇంకోచోటా అర్థమవుతున్నాయా అన్నదే చిక్కు. ఒక్కో సంతలో ఒక్కో తూకంరాయి పెట్టి ఎవరి వంకాయలు ఎక్కువో తేల్చలేం కదా. తెలుగు ప్రతి తయారుచేసింది నేను. ఇరవై నాలుగు వాక్యాలు, ఒక్కోదానికి నాలుగు గడులు: ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, ఎప్పుడూ అవును. దాన్ని ఆంధ్రా బయటి తెలుగు ఇళ్ళలో పరీక్షించి చూడాలన్నప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తాను. ఊరు నాకు కొట్టిన పిండి అని గొప్పగా చెప్పుకున్నాను కూడా.

విశాఖ నుంచి టాటానగర్‌కి రాయగడ, రూర్కెలా, చక్రధర్‌పూర్ మీదుగా వెళ్ళే బండి ఎక్కాను. థర్డ్ ఏసీ పదమూడు వందల చిల్లర అయింది. పద్దెనిమిది గంటల పైచిలుకు ప్రయాణం, ఆలస్యాలు అదనం. తిండి మీరే కట్టుకోవడం మంచిది, రాయగడ దాటాక టీ తప్ప నమ్మదగ్గది దొరకదు. చక్రధర్‌పూర్ దాటాక మెలకువ వచ్చి, తలుపు దగ్గర నిలబడ్డాను. చిన్నప్పుడు సెలవులకి వెళ్ళి వచ్చేటప్పుడు పొగగొట్టాలు కనబడగానే అమ్మ జడలు బిగించడం మొదలుపెట్టేది. పొగగొట్టాలు కనబడ్డాయి. నా చెయ్యి దానంతటదే జుట్టు మీదికి పోయింది.

ఉదయం ఏడున్నరకి స్టేషన్ బయటికి వచ్చాను. షేర్ ఆటోలో సాక్చి దాకా ముప్పై రూపాయలే, కానీ నాకు నేరుగా కద్మా వెళ్ళాలి. రెండు వందలు అడిగిన ఆటో అతనితో బేరం మొదలుపెట్టేసరికి, ఎక్కడ దాక్కుందో తెలియని నా పాత హిందీ బయటికి వచ్చింది. అతను నవ్వి, “ఆప్ తో యహీఁ కీ హైఁ, దీదీ,” అన్నాడు, మీరు ఇక్కడివాళ్ళే కదక్కా అని. ఇరవై రూపాయలు తగ్గించాడు. పరీక్ష ఫస్టుక్లాసులో పాసైనంత సంతోషం వేసింది.

కద్మా మార్కెట్ దగ్గర టిఫిన్ బండి ఉంది. దాన్ని నడిపే ఆయన టెక్కలి వైపు మనిషి, యాభై దాటి ఉంటాయి. నాలుగు ఇడ్లీలు నలభై రూపాయలు. నేను కారప్పొడి ఉందా అని అడగ్గానే గరిటె ఆపి చూశాడు. “తెలుగోలేటమ్మా? ఎక్కడ్నుంచి వత్తన్నారు?” అన్నాడు. విశాఖ అని చెప్పాను. బండి నుదుటి మీద మొత్తం హిందీలోనే రాసి ఉంది. తెలుగులో ఒక్క ముక్కా లేదేమిటని అడిగాను.

“ఉండీదమ్మా. రంగెల్లిపోయింది. మల్లీ రాయించి ఏటి సేత్తాం? పిల్లలు మాటాడతారు గానీ సదవలేరు. సదివేవోలు ఎవులున్నారు?”

నేను తల ఊపి రెండో విడత చట్నీ వేయించుకున్నాను. నా సంచిలో నలభై తెలుగు ఫారాలు ఉన్నాయి. అన్నీ తెలుగు అచ్చు, ఒక్కటీ వేరే లిపిలో లేదు. ఆయన చెప్పింది చెవిలో పడింది గానీ బుర్రలోకి ఎక్కలేదు. ఇడ్లీ అంత బాగుంది.

తొమ్మిదింటికి కద్మాలో మొదటి ఇంటికి వెళ్ళాను. తొమ్మిదో తరగతి, పదో తరగతి చదివే అన్నదమ్ములు. ఫారాలు చేతికిస్తే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఎంతో మర్యాదగా, “ఆంటీ, యే తో తెలుగు మేఁ హై,” అన్నాడు. తెలుగులో ఉందని నాకే చెబుతున్నాడు. అప్పుడు ఎక్కింది బుర్రకి. ఊరు కొట్టిన పిండి అన్నానే, ఆ పిండి ముప్పై ఏళ్ళ నాటిది. చేసేదేం లేక ఒక్కొక్కడినీ విడిగా కూర్చోబెట్టి నేనే చదివాను. నేను తెలుగులో చదవడం, వాళ్ళు బడిలో లేచి నిలబడి చెప్పినట్టు హిందీలో జవాబివ్వడం. గంటన్నర పట్టింది. మా బృందాన్ని నడిపే మేడమ్‌కి ఫోన్ చేస్తే, “హిందీ ప్రతి పంపిస్తాను, దాంతో కానిచ్చేయండి,” అన్నారు. సాయంత్రం దాకా ఆగమన్నాను. అది మొండితనమో పరువో ఇప్పటికీ తెలియదు.

మధ్యలో అగ్రికో వెళ్ళాను. పనేం లేదు, మా క్వార్టర్ చూడాలని. కద్మా నుంచి ఆటో నూట యాభై. క్వార్టర్ ఉంది, రంగు మారింది. నేను ఎక్కి కాళ్ళు ఊపుకుంటూ కూర్చునే జామచెట్టు ఉన్నచోట రెండు స్కూటర్లకి రేకుల షెడ్డు వేశారు. వీధి చివర మాకు సాయంత్రాలు తెలుగు నేర్పిన రెండు గదుల్లో ఇప్పుడు సామాన్లు పెట్టి తాళం వేశారు. ఒక గుణింతం తప్పితే మాస్టారు స్కేలుతో వేళ్ళ మీద వేసేవారు. తిట్టుకుంటూ నేర్చుకున్నాం. ఆ గదుల్లో నేర్చిన అక్షరాలతోనే ఈవేళ అన్నం తింటున్నాను. కిటికీలోంచి చూస్తే దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. కాసేపు మెట్ల మీద కూర్చుని, ఎవరూ చూడటం లేదులే అనుకుని ఏడ్చాను.

రెండు గంటలకి బిర్సానగర్ చేరాను. అక్కడ జోన్ నంబరు తెలియకుండా వెళితే ఆటోవాళ్ళు తిప్పుతూనే ఉంటారు, ముందే అడిగి రాసుకోండి. నేను వెళ్ళిన ఇల్లు ఎర్నమ్మ గారిది. డెబ్బైకి దగ్గర్లో ఉన్న మనిషి. పదిహేడేళ్ళప్పుడు పెళ్ళయి రాజాం దగ్గరి పల్లె నుంచి వచ్చారు. కొడుకు రోలింగ్ మిల్లులో కాంట్రాక్టు పని, ఆ రోజు బి షిఫ్టు, మధ్యాహ్నమే వెళ్ళిపోయాడు. కోడలు ఏదో పెళ్ళికి వెళ్ళింది. ఇంట్లో ఉన్నది ఎర్నమ్మ గారూ, పదో తరగతి చదివే మనవరాలు పాయలూ.

“రా అమ్మా, రా. ఎండ సంపేత్తంది. ముందు నీల్లు తాగు,” అంటూ ఆవిడ నన్ను ఫ్యాను కింద కూర్చోబెట్టారు. నేను విశాఖ నుంచి వచ్చానని తెలిశాక మొహం వెలిగిపోయింది. “జూన్ల మా గుంటని ఇజినారం పంపేత్తన్నాం. దాని మావ సీటు మాటాడీసినాడు. ఇంటరూ ఆస్టలూ అంతా అక్కడే. నువ్వైనా రెండు మంచి మాటలు సెప్పు దానికి.”

పాయల్ టేబుల్ మీద పరిచిన ప్లాస్టిక్ గుడ్డ అంచుని వేలితో నొక్కుతూ కూర్చుంది. ఆ పిల్లని చూస్తే నాకు మంచి మాట ఒక్కటీ నోటికి రాలేదు.

మా పనిలో ఒక నియమం ఉంది. పిల్లలు జవాబులిస్తున్నప్పుడు పెద్దవాళ్ళు ఆ గదిలో ఉండకూడదు. ఆ మాటే మెల్లగా చెబితే ఎర్నమ్మ గారు సరేనని వంటింట్లోకి వెళ్ళారు. నేను ఫారం తీసి మొదటి వాక్యం చదివానో లేదో, చేతులు తుడుచుకుంటూ మళ్ళీ వచ్చారు.

“ఏ కాయితం అది? తెలుగేటి?”

“తెలుగే పిన్నీ.”

“ఇలా తే. నాను సదువుతాను. అయిదు దాకా మా ఊరి బల్లో సదివినాను. ఈ ఇంట్ల నాకు తప్ప ఎవులికీ రాదు తెలుగు.”

కళ్ళజోడు తెచ్చుకున్నారు. ఫారాన్ని రెండు చేతులతో పట్టుకుని, వెలుతురుకి తిప్పి, మొదటి అక్షరం మీద వేలు పెట్టారు. తెలుగు అచ్చు చేతికొచ్చి ఎన్నాళ్ళయిందో అడగక్కర్లేదు, ఆ వేలు చెబుతోంది. నియమం ప్రకారం నేను ఆ కాగితం లాక్కోవాలి. లాక్కోలేకపోయాను.

అలా మొదలైంది. ఆవిడ గట్టిగా, కూడబలుక్కుంటూ చదవడం, పాయల్ హిందీలో చెప్పడం, నేను ఇంకో ఫారం మీద టిక్కు పెట్టడం. నడుమ ఆవిడ వ్యాఖ్యానం ఉచితం. “నాకు మంచి స్నేహితులున్నారు,” అని చదివి, “ఉన్నారు, అందరూ సెల్లులోనే,” అన్నారు. “నేను బాగా చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి,” దగ్గర పిల్ల ఆలోచిస్తుంటే, “రొట్టెలు గుండ్రంగా సేత్తాదని రాయమ్మా,” అని నాకు చెప్పారు. “మా వీధిలో పెద్దవాళ్ళు నన్ను పట్టించుకుంటారు,” అన్నదానికి పాయల్ జవాబివ్వకముందే, “మరీ ఎక్కువ,” అనేశారు. పిల్లకి నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. నాలుగో తరగతిలో మా ఇంటి అరుగు మీద అమ్మ పాఠం చదివిస్తే నేను వెక్కిరించిన సాయంత్రాలు గుర్తొచ్చి, ఈ ఫారం చెల్లదన్న సంగతే మరిచిపోయాను.

పంతొమ్మిదో వాక్యం దగ్గరికి వచ్చాం. ఆవిడ వేలు కదుపుతూ చదివారు. “నాకు సంబంధించిన... పెద్ద నిర్ణయాలు తీసుకునేటప్పుడు... ఇంట్లోవాళ్ళు నా అభిప్రాయం అడుగుతారు.”

వేలు చివరి మాట మీదే ఉంది.

“కభీ నహీఁ,” అంది పాయల్. ఎప్పుడూ లేదు. కోపంగా అనలేదు, మిగతా పద్దెనిమిదీ చెప్పినట్టే చెప్పింది.

ఎర్నమ్మ గారికి హిందీ నాకంటే బాగా వచ్చు. కళ్ళజోడు తీసి మనవరాలి వైపు చూశారు. “నన్నెవులడిగినారే? పదిహేడేల్లకి రైలెక్కించీసినారు. ఉండనేదా? పిల్లల్ని కననేదా?” అన్నారు.

పాయల్ తల దించుకుంది. ఆ ఇంట్లోకి నేను వచ్చాక మొదటిసారి తెలుగులో మాట్లాడింది. “అక్కడ బస్సు మీద ఏటి రాసుందో కూడా నాకు తెల్దు మామ్మా. ఎవర్ని అడగాలో తెల్దు.”

నేను కల్పించుకోకూడదు, కల్పించుకోవాలనీ ఉంది. ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, మా ఇద్దరికీ కాదు, కాగితానికి చెబుతున్నట్టు మొదలుపెట్టారు.

“నానొచ్చిన కొత్తల సాక్చి బజార్ల తప్పిపోయినాను. ఏ బోర్డు సూసినా ఇందీయే. ఏ ఆటో ఎటెల్తదో తెల్దు. మీ తాత డూటీల ఉన్నాడు. ఒక కొట్టు ముందల పొద్దుగూకీదాకా కూకున్నాను. ఎవులో తెలుగు మాటాడితే ఆల ఎనకాల పరిగెట్టినాను.” మనవరాలి వైపు తిరిగారు. “మరైతే ఏటి సెయ్యాలనుంది నీకు? సెప్పు. అడుగుతన్నాను.”

పాయల్ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. అప్పుడు తెలుగూ హిందీ కలిపి, తడబడుతూ, గబగబా చెప్పేసింది. ఈ ఊళ్ళోనే డిప్లొమా చదువుతుందట, లోహాల చదువు. వాళ్ళ నాన్న పదహారేళ్ళుగా వెళ్ళివచ్చే మిల్లు లోపల ఏం జరుగుతుందో తనకీ తెలియాలట. దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో, ఏ పరీక్ష రాయాలో అన్నీ కనుక్కుని పుస్తకం వెనక రాసుకుందట. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదట.

“బాప్ రే,” అన్నారు ఎర్నమ్మ గారు నెమ్మదిగా. తర్వాత నా చేతిలో ఫారం వైపు చూసి, “పంతొమ్మిదికి ఏటి రాసినావు?” అన్నారు.

“ఎప్పుడూ లేదని, పిన్నీ.”

“ఆంటీ, అభీ తో పూఛా నా,” అంది పాయల్. ఇప్పుడు అడిగింది కదా, అప్పుడప్పుడు అని మార్చెయ్యండని బతిమాలుతోంది. మామ్మ పరువు కాపాడాలని ఆ పిల్ల ఆరాటం.

“ఒద్దు,” అన్నారు ఆవిడ. “మార్చకు. ఇయాల్టి దాకా అదే నిజం. ఉన్నది ఉన్నట్టు రాయి.”

మిగిలిన అయిదూ కూడా ఆవిడే చదివారు, ఈసారి వ్యాఖ్యానం లేకుండా. తర్వాత పాయల్ సెల్లు తీసుకుని విజయనగరంలో ఉన్న కోడలి తమ్ముడికి ఫోన్ కలిపించారు. “బాబూ, ఆ సీటు సంగతి కొన్నాల్లు ఆపు. గుంట ఏదో అంటంది. ముందు ఇనాలి మావు,” అని, ఆయన చెప్పేది పూర్తిగా వినకుండానే పెట్టేశారు. “దాని బాబుకి నాను సెప్తాను. ఆడు ఒప్పుకుంతాడో నేదో తెల్దు. అడిగితే ఆడూ కూకుని ఇంటాడు,” అన్నారు నాతో.

నాలుగున్నరకి లేచాను. బిర్సానగర్ నుంచి స్టేషన్‌కి ఆటో రెండు వందలు, బర్మామైన్స్ దగ్గర లారీలు అడ్డం పడితే ముప్పావు గంట. నా తిరుగు బండి ఆరున్నరకి. గుమ్మం దగ్గర ఎర్నమ్మ గారు నా సంచి పట్టుకుని ఆపారు. “ఇంకో కాయితం ఉందేటి, రాయనిది?” అన్నారు. ఎందుకని అడిగాను. “ఇంట్ల సదూకోడానికి తెలుగు ముక్క నేదు. ఆడు డూటీ దిగి వచ్చినాక ఆడికీ సదివి ఇనిపిత్తాను.” రెండు ఇచ్చాను.

రైల్లో కూర్చుని పాయల్ ఫారం మీద అడ్డగీత కొట్టి, పక్కన “పెద్దవారు చదివారు, లెక్కలోకి తీసుకోరాదు” అని రాశాను. అదే సరైన పని. పంతొమ్మిదో వాక్యం కొలిచేది ఇంటితో అనుబంధాన్ని, అక్కడ ఆ పిల్లకి పడింది అన్నిటికంటే కింది గడి. ఆ గడి నింపిన గంటలో నేను చూసినంత అనుబంధం ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో చూడలేదు. మా కొలత తప్పని అనను. మొన్నటి దాకా ఉన్నదాన్ని అది సరిగ్గానే పట్టుకుంది, ఎర్నమ్మ గారే ఒప్పుకున్నారు. ప్రశ్న చదివాక ఇంట్లో ఏమవుతుందో రాసుకోవడానికి మాత్రం మాకు గడి లేదు. మేడమ్‌కి అదే చెప్పాను, హిందీ ప్రతికి సరే అని కూడా చెప్పాను. పొగగొట్టాలు వెనక్కి పోతుంటే ఒక ఖాళీ ఫారం తీసి, పదిహేనేళ్ళ పిల్లగా మొత్తం నింపాను. స్నేహితుల దగ్గర ఎప్పుడూ అవును. వీధి పెద్దవాళ్ళ దగ్గర ఎప్పుడూ అవును. పంతొమ్మిది దగ్గర ఆగాను. నాన్నగారి మీద నాకు కోపం లేదు, విశాఖ నాకు అన్నీ ఇచ్చింది. అయినా ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో ఆ వేళ తెలిసింది. ఉంటాననేదాన్ని. ఎప్పుడూ లేదు గడిలో టిక్కు పెట్టి, ఉన్నది ఉన్నట్టు వదిలేశాను.

ఇలాంటి పని మీద జంషెడ్‌పూర్ తెలుగు ఇళ్ళకి వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. పిల్లల కోసం హిందీ ప్రతులు తీసుకెళ్ళండి, నాలాగా భంగపడకండి. తెలుగువి కూడా నాలుగు అదనంగా పెట్టుకోండి. మీ లెక్కలోకి రాకపోయినా, ఇంట్లో పెద్దావిడ ఒకటి అడిగి ఉంచుకుంటుంది.